కోలుకోలేని కోడిపిల్లను ఏం చేయాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని అల్వాల్. డాబా మీద కొన్ని నాటుకోళ్లను పెంచుకుంటున్నాం. ఈసారి పెట్ట పొదగకపోవడంతో చిన్న ఇంక్యుబేటర్ ఒకటి కొని, డాబా మీది రేకుల గదిలో పెట్టి, గుడ్లు పొదిగించాను. మే నెల ఎండలు కావడం వల్లనో ఏమో ఇరవయ్యో రోజుకే పిల్లలు వచ్చేశాయి. వాటిలో నాలుగు బాగాలేవు. ఒకదాని కాళ్లు రెండు పక్కలకు జారిపోయి నిలబడలేకపోతోంది. ఇంకొకదాని కాలివేళ్లు లోపలికి ముడుచుకున్నాయి. మూడోదాని బొడ్డు మూసుకోలేదు. పచ్చసొన సంచి బయటికి ఉబికి, వాసన వస్తోంది. తల వాల్చేసి ఉంది. నాలుగోదాని పై ముక్కు ఒక పక్కకు, కింది ముక్కు మరో పక్కకు పోయాయి. మా అత్తగారు బకెట్ నీళ్లలో వేసేయమంటున్నారు. మావారు పిట్టగోడ మీద పెడితే గద్దలు ఎత్తుకుపోతాయంటున్నారు. పక్కింటావిడ కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో ఉంచితే నిద్రలోనే పోతాయంటోంది. నాకు దేనికీ మనసు ఒప్పడం లేదు. తొమ్మిదేళ్ల మా అబ్బాయి ఒక్కదాన్ని కూడా చంపొద్దని ఏడుస్తున్నాడు. చంపితే పాపమా, అలా వదిలేస్తే పాపమా?
ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు రాసిన మూడో పిల్ల పరిస్థితి వారం రోజులు ఆగేది కాదు కనుక, దాని గురించి చేయవలసినది మీ ఉత్తరం అందిన వెంటనే మీకు విడిగా తెలియజేశాను. ఇదే ఇబ్బంది ఇంట్లో కోళ్లు పెంచుకునే చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది కాబట్టి, పూర్తి సమాధానాన్ని అందరి కోసం ఇక్కడ రాస్తున్నాను. ముందుగా చెప్పవలసిన మాట ఏమిటంటే, మీ నాలుగు పిల్లల్లో మొదటి రెండింటినీ చంపవలసిన అవసరం లేదు. నాలుగోదాని సంగతి కొన్నాళ్లు చూసి నిర్ణయించుకోవచ్చు. మూడోదాన్ని మాత్రం బతికించే మార్గం లేదు, దాన్ని అలా ఉంచడం కూడా సరి కాదు. మీ ఇంట్లో వచ్చిన మూడు సలహాలూ, అవి మంచి మనసుతో చెప్పినవే అయినా, ఆ పిల్లకు బాధను పెంచేవే తప్ప తగ్గించేవి కావు.

కాళ్లు పక్కలకు జారిన పిల్లతో మొదలుపెడతాను. పిల్ల గుడ్డు నుంచి బయటికి వచ్చిన మొదటి గంటల్లో దాని కీళ్లు, నరాలు ఇంకా గట్టిపడి ఉండవు. అప్పుడు దాని కాళ్ల కింద నున్నటి ప్లాస్టిక్ ట్రే గాని, న్యూస్‌పేపర్ గాని ఉంటే పట్టు దొరకక కాళ్లు రెండు వైపులకు జారిపోతాయి. మొదటి రెండు మూడు రోజుల్లోనే గమనిస్తే ఇది చాలావరకు బాగుపడే లోపం. గాయాలకు అంటించే మెత్తటి టేపును సన్నగా కత్తిరించి, పిల్ల మామూలుగా నిలబడినప్పుడు కాళ్ల మధ్య ఉండే ఎడం, అంటే సుమారు రెండున్నర సెంటీమీటర్లు ఉండేలా చూసుకుని, రెండు కాళ్లనూ వదులుగా కలపండి. బిగించి కడితే రక్తప్రసరణ ఆగిపోతుంది కాబట్టి, పాదం ఉబ్బిందేమో రోజూ చూడండి. అడుగున గరుకైన గుడ్డ పరచండి. నీళ్ల మూతలో గులకరాళ్లు వేయండి, లేకపోతే తూలిపడే పిల్ల బొటనవేలంత లోతు నీటిలో కూడా మునిగిపోతుంది. నాలుగైదు రోజుల్లో చాలా పిల్లలు లేచి నడుస్తాయి.

వేళ్లు ముడుచుకోవడానికి ఎక్కువగా కారణం బి2 విటమిన్, అంటే రైబోఫ్లేవిన్ లోపం. కొన్నిసార్లు ఇంక్యుబేటర్‌లో వేడి ఎక్కువ కావడం వల్ల కూడా ఇలా జరుగుతుంది. నూకలు, మిగిలిన అన్నం మాత్రమే తినే పెట్టల గుడ్లలో ఈ విటమిన్ తక్కువగా ఉంటుంది, దాని ఫలితం పిల్లల కాళ్లలో కనబడుతుంది. పశువుల మందుల దుకాణాల్లో దొరికే బి కాంప్లెక్స్ ద్రావణాన్ని పశువైద్యుడు చెప్పిన మోతాదులో నీటిలో కలిపి ఇవ్వండి. ఈ విటమిన్ వెలుతురుకు చెడిపోతుంది కాబట్టి ఆ నీళ్ల గిన్నెను ఎండ తగలని చోట పెట్టి, ప్రతిరోజూ కొత్తగా కలపాలి. దానితోపాటు వేళ్లను నిటారుగా చాపి, పలుచని అట్టముక్క మీద ఆనించి టేపు వేస్తే త్వరగా సర్దుకుంటాయి. మొదటి రోజుల్లోనే చేయడం ముఖ్యం, నరం దెబ్బతిన్న తరువాత విటమిన్ ఎంత పోసినా ఫలితం ఉండదు.

కత్తెర ముక్కు ఉన్న పిల్ల సంగతి అంత తేలికగా తేలదు. పుట్టినప్పుడు కొద్దిగా కనిపించే వంకర, పిల్ల పెరిగే కొద్దీ ఎక్కువవుతుంది. అయినా లోతుగా ఉండే గిన్నెలో దాణాను నీటితో తడిపి ముద్దగా పెడితే ఇలాంటి కోళ్లు చాలానే తినడం నేర్చుకుని ఏళ్ల తరబడి బతుకుతాయి. గింజలను ఏరుకుని తినడం వాటివల్ల కాదు గనుక డాబా మీద వదిలేసి తిరిగి తినమంటే ఆకలితో చిక్కిపోతాయి. కాబట్టి దాన్ని వంటింటి త్రాసు మీద రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. పుట్టిన కొత్తలో ఏ పిల్ల అయినా కొద్దిగా బరువు తగ్గవచ్చు. ఆ తరువాత మిగతా పిల్లలంత కాకపోయినా తన మటుకు తాను పెరుగుతూ ఉంటే అది బతకాలనుకుంటున్న పిల్ల, దాన్ని ఉండనివ్వండి. తడి దాణా పెట్టినా బరువు పెరగక, రోజంతా తినడానికి ప్రయత్నిస్తూనే ఖాళీ కడుపుతో ఉంటే, ఆకలితో నెమ్మదిగా చావనివ్వడం కంటే ముగించడమే దయ. బతికి బట్టకడితే మాత్రం దాని గుడ్లను పొదిగించకండి, ఎందుకంటే ఈ లోపం వంశపారంపర్యంగా వచ్చే అవకాశం ఉంది.

ఇక మూడో పిల్ల. గుడ్డులో ఉన్న పిల్ల పొదుగు చివరి రోజుల్లో మిగిలిన పచ్చసొనను తన కడుపులోకి లాక్కుంటుంది, ఆ తరువాత బొడ్డు మూసుకుంటుంది. పుట్టిన తరువాత రెండు మూడు రోజుల పాటు దానికి ఆహారం అదే. హేచరీల వాళ్లు ఒక్కరోజు పిల్లలను తిండీ నీళ్లూ లేకుండా దూర ప్రాంతాలకు పంపగలగడం కూడా ఆ సొన ఉన్నందువల్లనే. వేడి ఎక్కువై పిల్ల తొందరపడి బయటికి వస్తే, సొన పూర్తిగా లోపలికి చేరకముందే, బొడ్డు మూసుకోకముందే లోకంలోకి వచ్చేస్తుంది. తెరిచి ఉన్న ఆ బొడ్డు గుండా ఈ.కోలై వంటి సూక్ష్మజీవులు లోపలికి పోతే, పిల్లకు ఆహారం కావలసిన సొన లోపలే కుళ్లిపోతుంది. పొట్ట మెత్తగా ఉబ్బి నీలంగా మారడం, దుర్వాసన రావడం, తల వాల్చేయడం ఆ కుళ్లుకు గుర్తులు. ఈ దశకు వచ్చిన పిల్లను ఏ మందూ కాపాడదు. సంచిని లోపలికి నొక్కడం, దారంతో కట్టడం, కత్తిరించడం లాంటి పనులు దయచేసి ఎవరూ చేయకండి. అయితే ఇతర పాఠకులు ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. సంచి కొద్దిగా మాత్రమే కనిపిస్తూ, శుభ్రంగా, వాసన లేకుండా ఉండి, పిల్ల చురుకుగా ఉంటే అది బతికే పిల్లే. దాన్ని శుభ్రమైన తడిగుడ్డ మీద, వెచ్చగా, ఇతర పిల్లలు పొడవకుండా విడిగా ఉంచి, బొడ్డు మీద పోవిడోన్ అయొడిన్ అద్దితే చాలాసార్లు ఒక్కరోజులోనే సంచి లోపలికి పోతుంది.

ఏ పిల్లను ఉంచాలి, ఏ పిల్లను ముగించాలి అనే నిర్ణయం దాని రూపాన్ని బట్టి కాదు, అది చేస్తున్న పనులను బట్టి తీసుకోవాలి. లేవడానికి ప్రయత్నిస్తోందా, ముక్కును నీటిలో ముంచితే మింగుతోందా, తోటి పిల్లల అరుపు విని అటు కదులుతోందా, వెచ్చగా ఉంచితే అరుపు ఆపి నిద్రపోతోందా అని చూడండి. ఒక కన్ను లేని పిల్ల, ఒక వేలు తక్కువైన పిల్ల చూడటానికి బాగుండకపోవచ్చు గాని వాటికి బాధ లేదు. వెచ్చదనం, నీళ్లు, దాణా అన్నీ ఉన్నా ఆగకుండా సన్నగా అరుస్తూనే ఉండటం, పక్కకు ఒరిగి నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మూడో రోజు దాటినా నీళ్లు ముట్టకపోవడం అనేవి ఆశ వదులుకోవలసిన గుర్తులు. రక్తపు రెట్టలు వేసే పిల్లను మాత్రం ఈ లెక్కలో వేయకండి. మూడు నుంచి ఆరు వారాల వయసులో వచ్చే పేగుల జబ్బు కాక్సిడియోసిస్‌కు ఆంప్రోలియం అనే మందు ఉంది, త్వరగా ఇస్తే చాలా పిల్లలు బతుకుతాయి.

ఇప్పుడు మీ ఇంట్లో వచ్చిన సలహాల దగ్గరకు వస్తాను. నీళ్లలో ముంచడం అనాదిగా చాలాచోట్ల చేస్తున్నదే, మీ అత్తగారి మాటలో దురుద్దేశమేమీ లేదు. కాని మునిగిన పిల్ల వెంటనే స్పృహ కోల్పోదు, ఊపిరాడక కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవడం అంతటా దానికి తెలివి ఉంటుంది. గోడ మీద పెట్టిన పిల్లను గద్ద వచ్చేలోపు ఎండ కాలుస్తుంది, చీమలు పడతాయి; కుళ్లిన బొడ్డుతో ఉన్న పిల్లను కాకులకు, గద్దలకు, వీధికుక్కలకు వేయడమంటే ఆ తెగులును పేటంతా పంచడమే. ఫ్రీజర్ సంగతి చాలామంది నమ్ముతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పసి పిల్లకు తన ఒంటి వేడిని నిలుపుకొనే శక్తి లేనందున అది చల్లబడి మగతలోకి జారుకుంటుందని అనుకుంటారు. నిజానికి అది చల్లబడటానికి చాలాసేపు పడుతుంది, ఆ లోపు వణుకుతూ అరుస్తుంది. కవరు చుట్టి ఉంటే దానికి ఊపిరాడకపోవడం కూడా తోడవుతుంది. పశువైద్యులు ఈ మూడింటిలో దేన్నీ అంగీకరించరు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా జంతువును అనవసరమైన క్రూరత్వంతో చంపడాన్ని నేరంగానే పరిగణిస్తుంది.

వంటసోడా, వెనిగర్ కలిపి డబ్బాలో కార్బన్ డయాక్సైడ్ నింపే పద్ధతిని ఇంటర్నెట్‌లో చూసి చేసేవాళ్లు కూడా ఉన్నారు. దీనినీ నేను వద్దంటాను. పొదుగు చివరి రోజుల్లో గుడ్డు లోపల కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగానే ఉంటుంది, అందువల్ల అప్పుడే పుట్టిన పిల్లలు ఆ వాయువును పెద్ద కోళ్ల కంటే ఎక్కువగా తట్టుకుంటాయి. వాటికి 80 శాతానికి పైగా గాఢత, అది కూడా చాలా నిమిషాల పాటు తగ్గకుండా ఉండాలి. సిలిండరు, కొలిచే పరికరం ఉన్నచోట అది సాధ్యం. వంటింటి డబ్బాలో ఎంత గాఢత వచ్చిందో మనకు తెలియదు, తక్కువ గాఢతలో పిల్ల ఊపిరికోసం తన్నుకుంటుంది.

అన్నిటికంటే మంచి మార్గం పశువైద్యుని దగ్గరకు తీసుకెళ్లడం. మీ దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలలో గాని, నారాయణగూడలోని సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలలో గాని, రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలలో గాని అడగండి. ఒక్క కోడిపిల్ల కోసం వెళ్తే నవ్వుతారేమో అని మొహమాటపడకండి. ఇది వైద్యుడు చేయవలసిన పనే. మత్తు ఇంజెక్షన్‌తో ముగించినట్లయితే ఆ కళేబరం తిన్న కుక్కకు, గద్దకు కూడా ప్రాణాపాయం ఉంటుంది, కాబట్టి లోతుగా పూడ్చిపెట్టాలి.

వైద్యుడు దొరకని వేళ, పిల్ల బాధ పడుతూ ఉన్నప్పుడు, ఇంట్లో చేయదగినది ఒక్కటే: మెడ ఎముకను తల అడుగున ఒక్క ఊపులో విడదీయడం. ఒక చేత్తో పిల్ల కాళ్లను, ఒంటిని పట్టుకుని, రెండో చేతి చూపుడువేలు, మధ్యవేలు తల వెనుక, బొటనవేలు గడ్డం కింద ఉంచి, తలను ఒంటికి దూరంగా లాగుతూనే వెనక్కి వంచాలి. అది ఒక్క క్షణంలో, సంకోచం లేకుండా జరగాలి. మెడను నలపడం, మెలిపెట్టడం ఈ పద్ధతి కాదు. ఎముక విడివడకుండా నలిగితే పిల్ల స్పృహతోనే ఉంటుంది. సరిగ్గా జరిగితే తలకు, మెడకు మధ్య వేళ్లకు తెలిసేంత ఖాళీ ఏర్పడుతుంది. ఆ తరువాత కొంతసేపు రెక్కలు, కాళ్లు కొట్టుకుంటాయి. అవి నరాల స్పందనలే, బాధకు గుర్తు కాదు. ఈ సంగతి ముందే తెలియకపోతే చేసినవారు భయపడి మధ్యలో వదిలేస్తారు. ఊపిరి, గుండె ఆగాయో లేదో, కంటిపాప అంచును తాకితే రెప్ప కదులుతోందో లేదో కొన్ని నిమిషాల పాటు చూసి నిర్ధారించుకోవాలి.

ఇది పుస్తకం చదివి నేర్చుకునే పని కాదు. కోళ్లు పెంచేవారు, తమ కోళ్లు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే పశువైద్యుని దగ్గర గాని, చేయి తిరిగిన కోళ్ల రైతు దగ్గర గాని చూసి, అప్పటికే చనిపోయిన పిల్ల మీద సాధన చేసి ఉంచుకోవాలి. చేయి వణికేవారు పూనుకోకూడదు. మీకు మనసు ఒప్పకపోతే, అది మీ తప్పు కాదు. చేయగలిగినవారిని పిలవండి, వారు వచ్చేదాకా పిల్లను చిన్న అట్టపెట్టెలో, చీకటిగా, వెచ్చగా ఉంచండి. చీకటిలో పిల్లకు భయం తగ్గుతుంది.

కళేబరాన్ని చెత్తబండిలో వేయకండి, నాలాలో పారేయకండి. పెరట్లో మట్టి ఉంటే బోరుకు, నీటి సంపుకు దూరంగా, కుక్క తవ్వలేనంత లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. డాబా మాత్రమే ఉన్నవారు పశువైద్యశాలలోనే అప్పగించవచ్చేమో అడగాలి. చేతులు సబ్బుతో కడుక్కోవడం, పిల్ల పడుకున్న ఊకను తీసేసి, పిల్లలను వెచ్చగా ఉంచే బ్రూడర్‌ను శుభ్రం చేయడం మరచిపోవద్దు.

ఒక సందర్భంలో మాత్రం మీరు ఏ కోడినీ చంపకూడదు, పూడ్చకూడదు. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో అనేక కోళ్లు చనిపోతే, తలలు ఉబ్బితే, జుట్టు నీలంగా మారితే, మెడలు తిరిగిపోయి పచ్చటి పారుడు కనిపిస్తే అది బర్డ్ ఫ్లూ గాని, కొక్కెర తెగులు (రాణిఖేత్) గాని కావచ్చు. కళ్లకు కనిపించే గుర్తులతో ఆ రెండింటినీ వేరుచేయడం నాకైనా సాధ్యం కాదు. వెంటనే ప్రభుత్వ పశువైద్యాధికారికి తెలియజేయాలి, 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం అది యజమాని బాధ్యత కూడా. బర్డ్ ఫ్లూ అనుమానం ఉంటే నమూనాలు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు వెళ్తాయి, తరువాతి పని తగిన రక్షణ దుస్తులతో ప్రభుత్వ సిబ్బందే చేస్తారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో హెచ్5ఎన్1 బయటపడినప్పుడు ఇక్కడి పెరటికోళ్ల వాళ్లు ఎంత కలవరపడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది. కొక్కెర తెగులుకు టీకా ఉంది. పిల్లలకు ఐదు నుంచి ఏడు రోజుల మధ్య లసోటా టీకా చుక్క కంట్లో వేయించండి. ఇంట్లో పొదిగిన పిల్లలకు హేచరీ పిల్లలకు వేసినట్టు మొదటి రోజు మారెక్స్ టీకా పడదు కాబట్టి, కొన్ని నెలల తరువాత ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపి పడిపోయే కోడి కనిపిస్తే ఆ జబ్బును అనుమానించాలి. దానికి మందు లేదు.

పాపం గురించి అడిగారు. నాకు తోచినది చెబుతాను. ఆ గుడ్లను పొదిగించినది మీరు, కాబట్టి ఆ పిల్ల బాధకు బాధ్యత కూడా మీదే. దాన్ని మన చేత్తో చంపలేదు గనుక మనకేమీ అంటదని గద్దకో, ఎండకో వదిలేయడంలో మన మనసుకు మాత్రమే తేలిక ఉంది, పిల్లకు లేదు. మీ అబ్బాయికి ఎగిరిపోయిందనో, ఎవరికో ఇచ్చేశామనో చెప్పకండి. తొమ్మిదేళ్ల పిల్లవాడికి అబద్ధం ఎలాగూ తెలిసిపోతుంది, తరువాత మిగతా మూడు పిల్లల గురించి మీరు చెప్పే మాట కూడా నమ్మడు. దీని కడుపులో కుళ్లు చేరింది, మందు లేదు, బాధ పడుతోంది, అందుకే డాక్టరుగారు దాని బాధ ఆపుతారని సూటిగా చెప్పండి. చూడమని బలవంతం చేయకండి, పూడ్చేటప్పుడు వస్తానంటే రానివ్వండి. కాళ్లకు టేపు వేసిన పిల్లకు నీళ్లు పెట్టే పని వాడికి అప్పగించండి.

చివరిగా, ఇలా మళ్లీ జరగకుండా చూసుకోవలసిన విషయం ఒకటి మీ ఉత్తరంలోనే ఉంది. కోడిగుడ్డు పొదగడానికి పట్టేది ఇరవై ఒక్క రోజులు. మీ పిల్లలు ఒకరోజు ముందే వచ్చాయి, ఒక బొడ్డు మూసుకోలేదు. రెండూ వేడి ఎక్కువైందనే చెబుతున్నాయి. ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో ఉష్ణోగ్రత 37.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఇళ్లలో వాడే చిన్న పెట్టెలో వేడి చేసే బల్బు ఉంటుంది గాని చల్లబరిచే ఏర్పాటు ఏదీ ఉండదు. మే నెలలో హైదరాబాద్‌లో నీడలోనే 40 డిగ్రీలు దాటినప్పుడు, రేకుల గదిలో ఇంకా ఎక్కువ ఉన్నప్పుడు, ఆ బల్బు ఆరిపోయి ఉన్నా గుడ్లు ఉడుకుతూనే ఉంటాయి. ఇంక్యుబేటర్‌ను కింది అంతస్తులో చల్లటి గదిలోకి మార్చండి, లేదా వానలు పడేదాకా పొదిగించడం మానండి. పెట్టెతో వచ్చిన మీటరును నమ్మకుండా గుడ్ల ఎత్తులో మరో థర్మామీటరు పెట్టి సరిచూసుకోండి. తేమ మొదట 50 నుంచి 55 శాతం, పద్దెనిమిదో రోజు గుడ్లు తిప్పడం ఆపిన తరువాత 65 నుంచి 70 శాతం ఉండాలి. పిల్లలు దిగే ట్రేలో గరుకు గుడ్డ పరచండి. పెట్టలకు గుడ్లు ఏరడానికి నెల ముందు నుంచి గుడ్లు పెట్టే కోళ్ల కోసం తయారుచేసిన మంచి లేయర్ దాణా, మునగాకు వంటి ఆకుకూరలు పెట్టండి. అన్నీ ఒకే పుంజు సంతతి అయితే, దాని కూతుళ్లతోనే దాన్ని కలిపితే వంకరలు పెరుగుతాయి. బయటి నుంచి వేరే పుంజును తెచ్చుకోండి. నాటు రకమే కావాలన్న పట్టుదల లేకపోతే రాజేంద్రనగర్‌లోని జాతీయ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలను కూడా మీరు పరిశీలించవచ్చు.